ప్రెస్సు మిషను మీద అక్షరాలు

జూలై 4

మరదలా,

వచ్చి నెల కావస్తున్నా ఇక్కడ ఇంకా కుదురుకోలేదు. గది బాగానే ఉంది. కిటికీ తీస్తే పక్కమేడ గోడ, మూస్తే నా గోడ. భాష నేర్చుకుంటున్నాను. మొన్న కొట్లో సబ్బు అడిగితే చీపురు ఇచ్చారు. తిరిగి ఇచ్చెయ్యడానికి మాటలు రాక, డబ్బిచ్చి తెచ్చుకుని గది ఊడ్చుకున్నాను. ఈ సంగతి మీ అన్నయ్య చెవిన వెయ్యకు, ఏడాదంతా ఏడిపిస్తాడు.

ఇక పని. టీచర్లు తమ క్లాసుల్లోకి ఇంకో దేశాన్ని ఎలా తీసుకురావాలో నేర్పడం మా కేంద్రం పని అని నీకు చెప్పాను కదా. ఈసారి కొత్తగా క్లాసులను జత కడుతున్నారు. ఇక్కడొక క్లాసు, అక్కడొక క్లాసు. రెండింటికీ ఒకే పాఠం. పిల్లలు రాసింది అటూ ఇటూ పంపుతారు, మధ్యలో తర్జుమా నాది, ఇంగ్లీషు వచ్చిన మా కేంద్రం వాళ్ళ సాయంతో. మనూరి బడి పేరు, అందులోనూ నీ ఐదో క్లాసు కనబడగానే గంతు వేసినంత పని చేశాను. ఖర్చు పెట్టేది మన ఊళ్ళో ఫ్యాక్టరీ పెట్టిన కుట్టుమిషన్ల కంపెనీయేనట. ఈ ఊళ్ళో కూడా వాళ్ళకేదో ఉందట, అందుకే ఈ రెండు ఊళ్ళనీ ఎంచారు.

నీ జతగాడు ఇక్కడి ఐదో క్లాసు మాస్టారు. ఏ గుమ్మంలోకి రావాలన్నా తల వంచాల్సినంత పొడుగు. తక్కువ మాట్లాడతాడు. మొదటి పాఠం ఆయనే చెప్పాడు: "మా క్లాసు కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?" మా డైరెక్టరమ్మకి ఇది చప్పగా తోచింది. ఆవిడకి పాటలు, రంగురంగుల బట్టలు, ఆటలు కావాలి. ముందు ఇది కానివ్వండి అని నేనే ఒప్పించాను. పిల్లల చేత రాయించి వెంటనే పంపు. నా పరువు నీ చేతిలో ఉంది.

మీ అన్నయ్య వేళకి తింటున్నాడా? కొత్త ఉద్యోగం ఎలా ఉంది? నాకు రాసే ఉత్తరంలో "బాగున్నాను" తప్ప ఇంకో ముక్క ఉండదు.

నీ
వదిన


జూలై 19

వదినా,

నీ పరువు నా చేతికిచ్చేముందు నన్నొక మాట అడగాల్సింది. మా పెద్దమాస్టారు ఉత్తరం చూసి, "కిటికీలోంచి ఏం కనబడితే ఏం లాభమమ్మా? పరీక్షలో అడుగుతారా?" అన్నారు. "వాళ్ళ దేశం గురించి తెలుస్తుందండీ" అన్నాను. "మన పిల్లలకి మన జిల్లా గురించే తెలీదు" అన్నారు. చివరికి డ్రాయింగు పీరియడు ఇచ్చారు.

నాకే ఆశ్చర్యం, పిల్లలు విరగబడి రాశారు. మా కిటికీలోంచి కనబడేది ఫ్యాక్టరీయే కదా! పచ్చ రంగు గేటు, కొత్త రేకుల కప్పు, కూత వెయ్యగానే బిలబిలమంటూ వచ్చే జనం. సగం మంది పిల్లల ఇళ్ళలో ఎవరో ఒకరు అందులోనే పని. "మా నాన్నకి ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు మేం ఊరు వదిలి వెళ్ళక్కర్లేదు" అని ఒకడు రాశాడు. గోరింక ఏకంగా నాలుగు కాగితాలు నింపింది. గోరింక అంటే మా క్లాసు వాగుడుకాయకి మేం పెట్టుకున్న పేరు. వాళ్ళమ్మ ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు మిషను మీద పనిచేస్తుంది. "మా అమ్మ మిషను ఏనుగంత ఉంటుంది, కానీ మా అమ్మ మాటే వింటుంది" అని రాసింది. అన్నీ పంపుతున్నాను. "మీ కిటికీలోంచి ఏం కనిపిస్తుంది? మీ నాన్నలు, అమ్మలు ఏం పని చేస్తారు?" అని చివర్న అందరూ అడిగారు.

అన్నయ్య వేళకే తింటున్నాడు. కానీ చేతికి నూనె కంపు, నోటికి విసుగు. మిషన్లన్నీ బాగుచేసే పని ఆయన మీదే పెట్టారు. కొత్త ఫ్యాక్టరీ అన్నమాటే గాని మిషన్లు మాత్రం పాతవట. ఎక్కడివో అడిగితే "ఎక్కడివైతే నీకెందుకు, అన్నం పెట్టు" అన్నాడు.

మరదలు


ఆగస్టు 3

మరదలా,

పిల్లల కాగితాలు అందాయి. చాలా బాగా రాశారు. పొడుగు మాస్టారి క్లాసుకి నేనే తీసుకెళ్ళి చదివి వినిపించాను. ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసరికి క్లాసంతా ఒక్కసారిగా మూగబోయింది. నేను తప్పు తర్జుమా చేశానేమో అనుకున్నాను. మాస్టారు నా చేతిలోంచి కాగితాలు తీసుకుని, మడిచి, "ఈ రోజుకి చాలు" అన్నాడు. అప్పుడు కిటికీలోంచి చూశాను. ఇంతకంటే ఇప్పుడేమీ రాయలేను.

నాకోసం ఒక పని చెయ్యి. ఇకమీదట ఫ్యాక్టరీ మాట ఎత్తనియ్యకు. అమ్మానాన్నల పని గురించి అడగనియ్యకు. ఆటల గురించి, పాటల గురించి రాయించు. డైరెక్టరమ్మ కూడా అదే అంటోంది. ఎందుకని నన్ను నిలదీయకు, వచ్చాక చెబుతాను. మీ అన్నయ్య ఉద్యోగం కూడా కాస్త ఆలోచించు. ఖర్చు పెట్టేది ఆ కంపెనీయే.

ఇక్కడ వారం నుంచి ఒకటే వాన. బట్టలు ఆరవు, మనసూ ఆరదు.

వదిన


ఆగస్టు 18

వదినా,

నీ ఉత్తరం చేరేసరికి ఆలస్యమైపోయింది. అప్పటికే పిల్లల్ని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి చూపించాను. అన్నయ్యే అనుమతి ఇప్పించాడు.

అయినా ఇదేం మాట? "ఇంకో దేశం పిల్లలకి మీ బతుకు చెప్పండి" అంటావు. తీరా చెప్పబోతే "ఆ ముక్క తప్ప" అంటావు. అమ్మానాన్నల పని చెప్పకుండా ఏం చెబుతారు? ఆటలాడే బొమ్మలా వాళ్ళు? అన్నయ్య ఉద్యోగం పేరెత్తి నన్ను బెదిరిస్తున్నావా, లేక నీ ఉద్యోగం గురించా? కోపం తెచ్చుకోకు. మనం ఒకే బల్ల మీద కూర్చుని టీచరు ట్రైనింగు చదివినవాళ్ళం, నాకు నీతో ముసుగులో గుద్దులాట చేతకాదు.

ఒక చిన్న సంగతి. వాళ్ళమ్మ మిషను చూపిస్తానని గోరింక అందరినీ లాక్కెళ్ళింది. ప్రెస్సు మిషను కింద భాగంలో, లోపలివైపు, తెల్లరంగుతో చేతిరాత ఉంది. మన లిపి కాదు. గోరింక నేలమీద బోర్లా పడుకుని, పెన్సిలుతో చూసి చూసి దించింది. "ఇది ఆ దేశం వాళ్ళ రాతేనా మేడం? మీ వదిన చదువుతారా?" అని ప్రాణం తీస్తోంది. ఆ కాగితం ఇందులో పెట్టాను. ఏముందో రాసి పంపు. కనీసం ఇదైనా.

మరదలు


ఆగస్టు 30

మరదలా,

కాగితం చూశాను. ఎప్పుడో అక్కడ పనిచేసిన వాళ్ళ పేర్లు. అంతే. గోరింకని బాగా రాసిందని మెచ్చుకున్నానని చెప్పు.

ఇక్కడి పిల్లలు పాడిన పాటల టేపు పంపుతున్నాను. క్లాసులో వినిపించు. ఏడాది చివర పెద్ద ప్రదర్శన పెడతారట, మన రెండు క్లాసుల బొమ్మలూ ముందు వరసలో ఉంటాయి.

నీ మాటలకి నాకు కోపం రాలేదు. బాధ కలిగింది.

వదిన


సెప్టెంబరు 14

వదినా,

టేపు అందింది. వినిపించాను. పిల్లలు బుద్ధిగా విని, "వాళ్ళు మన కాగితాలు చదివారా?" అని అడిగారు.

అవి పేర్లేనని గోరింకకి చెప్పాను. ఒప్పుకోలేదు. "పేర్లయితే విడివిడిగా ఉంటాయి కదా మేడం. ఇది వాక్యాల్లా ఉంది. చివర చుక్కలు కూడా ఉన్నాయి" అంది. పదేళ్ళ పిల్లకి తెలిసింది నీకు తెలియలేదంటే నేను నమ్మను.

ఇంకొకటి కూడా తెలిసింది. అన్నయ్య నోరు విప్పాడు. ఈ మిషన్లన్నీ నువ్వున్న ఊరి నుంచే వచ్చాయి. అక్కడి ఫ్యాక్టరీకి తాళం వేసి, మిషన్లు విప్పి, పెట్టెల్లో పెట్టి ఇక్కడికి తెచ్చారు. వాళ్ళ కిటికీలోంచి కనిపించేది అదేనా? నీకు తెలుసు. తెలిసి నాకు చెప్పలేదు. మా పిల్లలు "మా నాన్నకి ఉద్యోగం వచ్చింది" అని వాళ్ళకి రాస్తుంటే చూస్తూ ఊరుకున్నావు. ఇప్పుడు వాళ్ళ పాటలు పంపి మా నోరు మూయిస్తున్నావు.

ఇంట్లో కూడా ప్రశాంతత లేదు. ప్రెస్సు మిషను ఎడమ పిడి వదులుగా ఉందని, దాన్ని ఆపి చూడాలని అన్నయ్య చెబితే, "ముందు ఈ నెల సరుకు పోనీ" అన్నాడట సూపర్వైజరు. అన్నయ్య గొణుక్కుంటూ తిరుగుతున్నాడు. గట్టిగా చెప్పవేం అంటే, "మీ వదిన రాసింది, ఉద్యోగం జాగ్రత్త అని" అన్నాడు. ఇద్దరూ ఒకే పాట.

ఇక నుంచి ఈ జత పాఠాలు నా వల్ల కావు. నాకేమీ పంపకు.


సెప్టెంబరు 27

మరదలా,

మొన్న బడికి ట్రంకాల్ చేశాను. ప్యూను వెళ్ళి వచ్చి, "మేడం క్లాసులో ఉన్నారు, ఏదైనా ఉంటే ఉత్తరం రాయమన్నారు" అన్నాడు. ప్రాణం మీదికొచ్చిందని చెబుతుండగానే లైను తెగిపోయింది. ఫ్యాక్టరీకి చేస్తే పనివాళ్ళని ఫోనుకి పిలవడం కుదరదన్నారు. మీ అన్నయ్యకి టెలిగ్రాం ఇచ్చాను. అది చేరే ఉంటుంది. చేరకపోతే, ఈ ఉత్తరం చూసిన క్షణంలో లేచి వెళ్ళి ఆ ప్రెస్సు మిషను ఆపించు. మిగతాది తర్వాత చదువు.

నేను అబద్ధం చెప్పాను. అవి పేర్లు కావు. నాకొచ్చిన కాస్త భాషతో మొదటి వాక్యం కూడబలుక్కున్నాను. "మా పని పట్టుకుపోయినవాళ్ళకు" అని ఉంది. ఇది క్లాసులో చదివితే మన పిల్లల మొహాలు ఎలా ఉంటాయో అనుకుని ఆగిపోయాను. తక్కినవి నాకు తెలియని మాటలు. నిఘంటువు తీసి చూడొచ్చు. చూడలేదు. చూడకపోవడమే మేలనుకున్నాను. కాగితం సొరుగులో పడేశాను.

మొన్న పొడుగు మాస్టారు కేంద్రానికి వచ్చి, "ఆ పిల్లలు మళ్ళీ ఏమీ రాయలేదా? మా వాళ్ళు అడుగుతున్నారు" అన్నాడు. "మావాళ్ళకి కోపం వచ్చింది, నిజమే. కోపం వచ్చాకే కదా అసలు పాఠం మొదలయ్యేది. మీరు దాన్ని ఆపేశారు" అన్నాడు. సిగ్గేసి కాగితం తీసి ఇచ్చాను. చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అందులో ఇలా ఉంది: "మా పని పట్టుకుపోయినవాళ్ళకు. మీరెవరో మాకు తెలియదు. మీ మీద మాకు ప్రేమ లేదు. అయినా మీ చేతులు మీకు కావాలి. మిషను వేడెక్కితే ఎడమ పిడి దానంతట అదే దిగిపోయి, పైదిమ్మ పడుతుంది. చెప్పినా బాగుచెయ్యలేదు. పిడి జారకుండా అడ్డుచీల బిగించనిదే చెయ్యి లోపల పెట్టకండి."

గోరింక వాళ్ళమ్మని ఆ మిషను దగ్గరికి పోనివ్వకు. నన్ను ఎన్ని తిట్టినా సరే, ముందు వెళ్ళు.

వదిన


అక్టోబరు 9

వదినా,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. టెలిగ్రాం వచ్చిన రోజున ఇంట్లో ఎవరం లేము. అన్నయ్య షిఫ్టులో ఉన్నాడు, నేను బడిలో. గుమ్మం కింద నుంచి తోసి వెళ్ళారు. సాయంత్రం నేను తలుపు తీసేటప్పటికి అది కాళ్ళ కింద ఉంది. ఆసరికి అంతా అయిపోయింది.

గోరింక వాళ్ళమ్మ ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయి.

కూత వెయ్యని వేళలో ఫ్యాక్టరీ కూత వేసింది. మా కిటికీలోంచి చూశాం. నలుగురు మనుషులు ఎవరినో మోసుకుని పరిగెడుతున్నారు. పక్కన అన్నయ్య, చొక్కా లేకుండా. చొక్కా ఆవిడ చేతికి చుట్టాడు. గోరింక కిటికీ ఊచలు పట్టుకుని, "మా అమ్మ చీర" అంది. అప్పటినుంచీ బడికి రాలేదు.

ఆవిడదే అజాగ్రత్త అని కంపెనీ రాసుకుంది. అన్నయ్య కాదన్నాడు. "నీ పని నువ్వు సరిగ్గా చెయ్యలేదని రాయమంటావా?" అన్నాడట సూపర్వైజరు. ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అన్నం ముట్టడు.

నువ్వు ఫోను చేసినప్పుడు నేను క్లాసులో లేను వదినా. స్టాఫు రూములో ఉన్నాను. నీ గొంతు వినడం ఇష్టంలేక అలా చెప్పమన్నాను. తప్పంతా నీ మీద వేసేద్దామని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. సాగలేదు.

నీ ఉత్తరం చదవగానే వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ కుడిచేత్తో నాకు కుర్చీ వేసింది. ఆ రాతలో ఏముందో చెప్పాను. ఎవరు ఎందుకు దాచారో కూడా చెప్పాను. తలుపు వెనక గోరింక ఉంది. "పేర్లు అన్నారు కదా మేడం" అంది.

నాకు ఏం చెయ్యాలో తోచడం లేదు. నీకు తోస్తే రాయి.

మరదలు


అక్టోబరు 22

మరదలా,

నీ ఉత్తరం అందిన వెంటనే పొడుగు మాస్టారి దగ్గరికి పరిగెత్తాను. చదివి వినిపించలేక చేతికిచ్చి, ఒక్కో మాటా వేలు పెట్టి చెప్పాను. ఆయన మర్నాడు క్లాసులో అంతా చెప్పేశాడు. నా అబద్ధం కూడా. నేను వెనక బల్లమీద కూర్చుని విన్నాను. ఒక పిల్లవాడు లేచి, "వాళ్ళు మన పని తీసుకున్నారు కదా, మనమెందుకు బాధపడాలి?" అన్నాడు. మాస్టారు కసరలేదు. "ఎవరైనా జవాబు చెప్పండి" అన్నాడు. ఒక అమ్మాయి లేచి, "తీసుకున్నది ఆవిడ కాదు. ఆవిడకి మిషను ఇచ్చినవాళ్ళు" అంది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఇన్నాళ్ళుగా టీచర్లకి మేం నేర్పుతున్నదేమిటో అక్కడ కూర్చుని తెలుసుకున్నాను.

పిల్లలు ఆ సాయంత్రం ఇళ్ళకి వెళ్ళి చెప్పారు. ఆదివారం బడి హాల్లో పాత పనివాళ్ళు గుమిగూడారు. ఆ రాత రాసినావిడ కూడా వచ్చింది. తెల్లజుట్టు, భారీ మనిషి. నన్ను చూసి మొహం తిప్పుకుంది. తర్వాత తానే వచ్చి, "ఏ చెయ్యి?" అని అడిగింది. "ఎడమచెయ్యి" అన్నాను. తన ఎడమచెయ్యి జేబులోంచి తీసి చూపించింది. చిటికెనవేలు లేదు.

పిడి సంగతి మూడుసార్లు కంపెనీకి చెప్పామని, ఏ ఏడు చెప్పామో, ఎవరికి చెప్పామో రాసి అందరూ సంతకాలు చేశారు. అడ్డుచీల కొలతలతో బొమ్మ కూడా గీసిచ్చారు, అది మీ అన్నయ్యకి. వీటితోపాటు ఇక్కడి పిల్లలు రాసినవి కూడా తర్జుమా చేసి పంపుతున్నాను. ఈసారి ఒక్క మాట తగ్గించలేదు, పెంచలేదు. మీ మీద ప్రేమ లేదన్న మాట కూడా అలాగే ఉంది. మూలం కూడా జతచేశాను, ఎవరి చేతైనా చదివించుకుని సరిచూసుకో.

డైరెక్టరమ్మకి ఈ కాగితాలు చూపించే పంపుతున్నాను. ఆవిడ ఏడ్చింది కూడాను. తర్వాత నా గడువు వచ్చే నెలాఖరుతోనే ముగుస్తుందని చెప్పింది. ప్రదర్శన లేదు. డబ్బు ఆపేస్తామని కంపెనీ చెప్పేసిందట.

మీ అన్నయ్యకి వేరే ఉత్తరం రాశాను. ఉద్యోగం జాగ్రత్త అన్న మాట వెనక్కి తీసుకున్నాను.

వదిన


నవంబరు 16

వదినా,

ఈ ఉత్తరం నువ్వు బయల్దేరేలోగా అందాలని రాస్తున్నాను.

కాగితాలు పట్టుకుని అన్నయ్య, గోరింక వాళ్ళ నాన్న, నేను కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళాం. మా పెద్దమాస్టారు కూడా కోటు వేసుకుని వచ్చారు, నేను పిలవకుండానే. అధికారి ఫ్యాక్టరీకి వచ్చి మిషను కింద రాత చూశాడు, సంతకాలు చూశాడు. ఆవిడ అజాగ్రత్త కాదని రాశాడు. నష్టపరిహారం ఇవ్వాలన్నాడు. కంపెనీ ఇంకా ఇవ్వలేదు, ఇస్తామని మాత్రం ఒప్పుకుంది. తిరుగుతూనే ఉన్నాం. అన్నయ్య ఆ బొమ్మ చూసి చీల చేయించి, అన్ని ప్రెస్సులకీ బిగించాడు. మర్నాడు ఆయన్ని గోదాములోకి మార్చారు. పెట్టెలు లెక్కపెట్టుకుంటున్నాడు. తిట్టుకుంటూనే వేళకి తింటున్నాడు.

గోరింక సోమవారం బడికి వచ్చింది. కిటికీ పక్క నుంచి లేచి గోడ పక్కకి మారింది. వాళ్ళమ్మ వంటింట్లో గిన్నె పట్టుకోవడం మళ్ళీ నేర్చుకుంటోందట. అక్కడి పిల్లలు రాసినవన్నీ చదివి వినిపించాను. మనమెందుకు బాధపడాలని అడిగిన అబ్బాయి మాట కూడా. క్లాసు అట్టుడికిపోయింది. అందరూ కోపంగా, ఎడాపెడా జవాబులు రాశారు. కంపెనీ లేదు కదా, పోస్టు ఖర్చు ఎవరిదని పెద్దమాస్టార్ని అడిగితే, "డ్రాయింగు కాగితాల పద్దులో వెయ్యమ్మా" అన్నారు. పొడుగు మాస్టారికి నేరుగా పంపేశాను. అర్థం కాకపోతే ఆయనే ఎవరినో పట్టుకుంటాడు.

గోరింక మాత్రం ఏమీ రాయలేదు. అందరూ వెళ్ళాక నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మీ వదిన వస్తున్నారట కదా మేడం?"

"అవునమ్మా. నీకు క్షమాపణ చెప్పుకోవాలని..."

"అది వద్దు మేడం. ఆ దేశం అక్షరాలు ఎన్ని ఉంటాయో అడగండి. అన్నీ నేర్పమని చెప్పండి. ఈసారి నేనే చదువుకుంటాను."

త్వరగా రా వదినా. నేనూ ఆ పిల్ల పక్కన కూర్చుంటాను.

మరదలు